అమ్మేసిన కావేరి పలికింది

బతికున్న మనిషి దయ్యం కావడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు, ఒక్క మధ్యాహ్నం చాలు. నాకది అనుభవం మీద తెలిసింది. టీ తాగుతూ వినండి, చెబుతాను.

సెల్‌ఫోన్ ఉన్నా సిగ్నల్ కోసం కిటికీ దగ్గరకి పరిగెత్తే రోజులవి. నేను బెంగళూరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో సిస్టమ్ అడ్మిన్‌ని. అంటే సర్వర్లు నడుస్తున్నంతకాలం వసుధ అనే మనిషి ఒకతి ఉందని ఎవరికీ గుర్తుండదు. ఆగిన మరుక్షణం అందరికీ నేనే కావాలి.

ఊళ్ళో రక్తపరీక్షల ల్యాబులకి ప్రోగ్రాం రాసిచ్చి, దాన్ని నడిపిపెట్టడం మా కంపెనీ పని. ప్రతి ల్యాబులో ఓ చిన్న సర్వరు. అక్కడ టైపు చేసిన రిపోర్టుని అది వెంటనే మా ఆఫీసులో ఉన్న పెద్ద సర్వరుకి పంపాలి. డాక్టర్లు ఆ పెద్దదాంట్లో చూసుకుంటారు. మా సర్వర్లన్నిటికీ నదుల పేర్లు. పెద్దదాని పేరు కావేరి.

ఆ ఏడాది మేం హూడిలో ఉన్న పాత ఆఫీసు ఖాళీ చేసి మహదేవపురలో కొత్త బిల్డింగ్‌కి మారాం. పాత కావేరి ముసలిదైపోయిందని కొత్త మిషను కొని, దానికీ కావేరి అనే పేరు పెట్టాం. ల్యాబుల్లో ఏమీ మార్చక్కర్లేకుండా అన్నమాట. పాత సామానంతా స్క్రాప్‌వాడికి అమ్మేశానని మా అడ్మిన్ ఆఫీసర్ మూర్తి గారు చెప్పారు. అందరం కొత్త కుర్చీల్లో కూర్చుని గుండ్రంగా తిరిగాం. అంతవరకూ బానే ఉంది.

ఒకరోజు పొద్దున్నే ఫోను. ఒక ల్యాబులో పనిచేసే సరళ.

"మేడం, ఒక విచిత్రం చెప్పనా? సూర్యనారాయణ గారని మా పాత పేషెంటు. పాపం, ఈమధ్యే పోయారు. ఇందాక వేరే ఎవరి కోసమో వెతుకుతుంటే ఆయన పేరు వచ్చింది. శాంపిల్ అందింది, రిపోర్టుకి రేపు రండి అని చూపిస్తోంది."

"పాత రికార్డు ఏదైనా కనబడిందేమో, మళ్ళీ చూడండి."

కాసేపు కీబోర్డు చప్పుడు. "ఇప్పుడు ఆయన లేరు మేడం."

హమ్మయ్య అనుకుని ఫోను పెట్టేశాను. మధ్యాహ్నానికి మళ్ళీ ఆమే. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మేడం, ఆయన మళ్ళీ వచ్చారు. ఉంటున్నారు, పోతున్నారు. మా ల్యాబు అమ్మాయిలు ఆ కంప్యూటర్ దగ్గర కూర్చోం అంటున్నారు."

నవ్వాను. కానీ మర్నాడు నవ్వు రాలేదు. ఈసారి చచ్చిపోయినవాళ్ళు రావడం కాదు, బతికున్నవాళ్ళు మాయమవడం మొదలైంది. నవ్య అని ఐదేళ్ళ పాప, డెంగీ జ్వరం. రక్తం తీశారు, ప్లేట్‌లెట్ల లెక్క టైపు చేశారు, చూస్తే లేదు. మళ్ళీ తీశారు, మళ్ళీ లేదు. శాంపిల్ గొట్టాలు పారేశాక గానీ తెలీలేదట. డాక్టరేమో పొద్దుటి లెక్కకీ మధ్యాహ్నం లెక్కకీ తేడా చూస్తే గానీ ఏమీ చెప్పలేనంటున్నాడు.

"మూడోసారి సూది గుచ్చుతుంటే ఆ పాప ఏడవను కూడా లేదు మేడం, చెయ్యి చాపేసి అటు తిరిగి పడుకుంది. వాళ్ళమ్మని చూడలేకపోతున్నాం," అంది సరళ.

అప్పుడు నాకు భయమేసింది. పని భయం వేరు, ఇది వేరు.

ఇక్కడొక్క ముక్క చెప్పాలి. కంప్యూటర్లకి పేర్లు మన కోసం. వాటికి కావాల్సింది నంబరు. కావేరి ఎక్కడుంది అని ల్యాబు సర్వరు అడిగితే, ఫలానా నంబరులో ఉంది అని చెప్పడానికి మా దగ్గర ఇంకో మిషను ఉంటుంది. డిఎన్ఎస్ అంటారు. ఊళ్ళో పోస్ట్‌మ్యాన్ లాంటిదనుకోండి. నేను వెళ్ళి ఆ పోస్ట్‌మ్యాన్‌ని అడిగాను, కావేరి ఎక్కడ అని. స్క్రీన్ మీద ఒక నంబరు వచ్చింది.

అది హూడి నంబరు. పాత ఆఫీసుది.

తప్పుగా మిగిలిపోయిందేమోనని చెరిపేసి కొత్త నంబరు రాశాను. అన్ని సర్వర్లలో జ్ఞాపకం పెట్టుకున్న పాత జవాబుల్ని తుడిచేశాను. ప్రోగ్రాం ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. బానే పనిచేసింది. ఇంటికెళ్ళి నిద్రపోయాను. పొద్దున వచ్చి చూస్తే మళ్ళీ హూడి నంబరే.

ఎవరు మార్చారు? పాస్‌వర్డ్ తెలిసింది నాకూ, మా మేనేజర్‌కీ. మేనేజర్ ఊళ్ళో లేడు. మళ్ళీ చెరిపాను. టీ తాగి వచ్చేసరికి మళ్ళీ వచ్చి కూర్చుంది. గోడ మీద రాసింది తుడిచేసి అటు తిరిగితే, ఎవరో వెనకాలే మళ్ళీ రాస్తున్నట్టు ఉంది.

నా పక్క సీటు రమేశ్ కడపవాడు. నన్ను అక్కా అని పిలుస్తాడు. నా భుజం మీంచి చూస్తున్నాడు.

"అక్కా, ఆ నంబరుని ఒకసారి పింగ్ చెయ్యి."

పింగ్ అంటే అవతలి మిషన్‌ని ఉన్నావా అని అడగడం. లేని మిషన్‌ని అడిగితే జవాబు రాదు. అడిగాను. జవాబు వచ్చింది. ఆగకుండా వస్తూనే ఉంది, ఒక వరస కింద ఇంకో వరస. ఉన్నాను, ఉన్నాను, ఉన్నాను.

రమేశ్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అమ్మేసిన మిషను పలకడమేంటక్కా?"

మూర్తి గారి దగ్గరికి వెళ్ళాను. "సార్, పాత కావేరి నిజంగా వెళ్ళిపోయిందా?"

"లారీ ఎక్కడం నా కళ్ళారా చూశాను వసుధమ్మా."

"మరి పిలిస్తే పలుకుతోంది సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "నా మాట మీద నమ్మకం లేకపోతే ఆ ముక్క సూటిగా చెప్పు," అన్నారు. ఇక ఆయన్ని ఏమీ అడగలేకపోయాను. బయటికొచ్చేసరికి ఆఫీసంతా గుసగుసలు. పోయినాయన రిపోర్టు సంగతి, అమ్మేసిన మిషను పలకడం, రెండూ కలిపేసి రమేశ్ అప్పటికే అందరికీ చెప్పేశాడు.

నేను మాత్రం హూడి వెళ్ళి చూద్దామనుకున్నాను. మూర్తి గారికి తెలిస్తే నొచ్చుకుంటారని, బ్యాంకు పనుందని అబద్ధం చెప్పి బయల్దేరాను. ఎక్కడికెళ్తున్నానో ఒక్కరికీ చెప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నేను చేసిన తెలివితక్కువ పనుల్లో ఇదే మొదటిది.

హూడి చేరేసరికి మబ్బు పట్టి ఉంది. మేం ఖాళీ చేశాక ఆ బిల్డింగ్‌లో ఎవరూ దిగలేదు. కిటికీలకి పాత పేపర్లు అంటించి ఉన్నాయి. గేటు దగ్గర వాచ్‌మ్యాన్ నారాయణప్ప స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు. ఆయనది ఇక్కడే పుట్టిపెరిగిన పాత తెలుగు కుటుంబం.

"ఏంమా, శానా దినాలకి," అన్నాడు.

"నారాయణప్పా, బేస్‌మెంట్ రూంలో మా సామాను ఏమైనా మిగిలిందా?"

ఆయన స్టూల్ మీంచి లేచాడు. "ఏముండాదో నాకి తెల్దు. ఏదో ఉండాది. మీరంతా ఎల్లిపోయినాక గూడా లోపల గుయ్‌మంటానే ఉండాది. కరెంటు పోతే కీ... కీ... అంటాది, ఆడమనిషి ఏడ్చినట్ల."

"మరి లారీవాళ్ళు తీసుకెళ్ళలేదా?"

"నేనే బేడ, వద్దు అంటిని. ఆ రూము జోలికి పోవద్దు, ఉండేవి ఏసుకోని పొండప్పా అంటిని."

తర్వాత తెలిసింది, మూర్తి గారు కళ్ళారా చూసింది మా వాటర్ కూలర్‌ని. పాత కావేరి లాగే అదీ బీరువా అంత ఎత్తు, అదే తెల్లరంగు. పైన దుప్పటి కప్పి ఎక్కించారట.

మెట్లు దిగి కిందికి వెళ్ళాం. ఆ తలుపు చూసి ఆగిపోయాను. ఒకప్పుడు లోపలికి రావద్దు అని నేనే కాగితం అంటించిన తలుపు. ఇప్పుడు దాని నిండా పసుపు, కుంకుమ. గుమ్మం దగ్గర నిమ్మకాయలు, వాడిపోయిన మల్లెపూలు, నూనె మరకల మధ్య ప్రమిద. తలుపు అవతల నిజంగానే గుయ్‌మనే మోత.

"శుక్రవారం శుక్రవారం మా ఇంటామె దీపం పెడ్తాది. అప్పట్నుంచీ ఎవురికీ ఏం కాలేదు," అన్నాడు నారాయణప్ప. నేను తాళంచెవి తీశాను. అప్పటి డూప్లికేట్ ఒకటి నా గుత్తిలో మిగిలిపోయింది. "చెప్పులు ఈడ ఇడ్సండి మా," అని ఆయన గట్టిగా అంటే, చెప్పులు విడిచి, వాటి పక్కన హ్యాండ్‌బ్యాగ్ పెట్టాను. సెల్‌ఫోన్ అందులోనే. తాళం తీశాను, చెవి తలుపుకే వదిలేశాను. నారాయణప్ప నాకంటే ముందే మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

లోపల బల్బు వెలగలేదు. వేడి, దుమ్ము, సాలెగూళ్ళు. చీకట్లో ఓ మూల పచ్చ దీపాలు మినుకుమంటున్నాయి. ముఖానికి బూజు తగులుతుంటే చేతులు చాపుకుంటూ వెళ్ళి కీబోర్డు నొక్కాను. స్క్రీన్ మెల్లగా వెలిగింది.

కావేరి. ఏమీ జరగనట్టు పనిచేసుకుంటోంది.

తనని అమ్మేశారని దానికెవరు చెప్తారు? మారేటప్పుడు కొత్త ఆఫీసుకీ పాత ఆఫీసుకీ మధ్య వేసిన లైను ఎవరూ తీయలేదు. ఇది రోజూ ఆ లైను మీదుగా, కావేరి ఇక్కడే ఉంది అని తన నంబరు తనే వెళ్ళి చెప్పుకుంటోంది. నేను చెరిపినప్పుడల్లా వచ్చి రాసింది ఇదే. పోస్ట్‌మ్యాన్ కొందరికి కొత్త కావేరి నంబరు, కొందరికి పాత కావేరి నంబరు చెబుతున్నాడు. రిపోర్టులు సగం అక్కడికి, సగం ఇక్కడికి.

ఇక్కడికి వచ్చినవేవీ పోలేదు. ఒక్కటి కూడా పోలేదు. వరసగా రాసిపెట్టి ఉన్నాయి. పైన ఎప్పటివో, అందులో సూర్యనారాయణ గారు, రేపు రమ్మన్న కబురుతో అలాగే ఉన్నారు. కింద నిన్నటివి, ఇవాళ్టివి. నవ్య, వయసు ఐదు, పొద్దుటి ప్లేట్‌లెట్లు. నవ్య, మధ్యాహ్నపు ప్లేట్‌లెట్లు. నేను చూస్తుండగానే అడుగున ఇంకో పేరు వచ్చి చేరింది. ఎవరో తెలియని మనిషి, ఊళ్ళో ఎక్కడో ఇప్పుడే రక్తం ఇచ్చి ఉంటాడు. ఆ చీకటి గదిలో, మనుషుల్లేని బిల్డింగ్ కింద, ఆ పేరు అలా వచ్చి కూర్చుంది.

ముందు పని చూసుకున్నాను. పేరుతో కాకుండా కొత్త కావేరి నంబరే నేరుగా కొట్టి, తప్పిపోయిన రిపోర్టులన్నీ అటు పంపాను. చివరిది వెళ్ళేదాకా స్క్రీన్ మీంచి కళ్ళు తీయలేదు. వెనకాల ఎప్పుడో టక్‌మని చప్పుడైంది, పట్టించుకోలేదు.

ఇక నెట్‌వర్క్ కేబుల్ పీకేసి వెళ్ళిపోదామని లేచాను. వెలుతురు కోసం తలుపు బార్లా తీద్దామని వెళ్తే, తలుపు మూసుకుపోయి ఉంది. వదిలితే మెల్లగా దానంతటదే మూసుకునే తలుపు అది. లోపలి పిడి ఎప్పుడో ఊడిపోయింది. దాన్ని బాగుచేయించమని మూర్తి గారికి రాసిన మనిషిని నేనే. తాళంచెవి అవతల. ఫోను అవతల. చెప్పులు కూడా అవతలే.

తలుపు బాదాను. నారాయణప్పా అని అరిచాను. నా గొంతు ఆ గదిలో తిరిగి నాకే వినబడింది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. యుపిఎస్ కీ... కీ... అని మొదలుపెట్టింది. నారాయణప్ప అబద్ధం చెప్పలేదు, ఆడమనిషి ఏడ్చినట్టే ఉంది. బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో తెలీదు. అది అయిపోతే ఆ కాస్త వెలుతురూ పోతుంది.

ఆ మిషన్‌లో మెయిల్ లేదు. కానీ అప్పటి కంప్యూటర్లలో ఇంకో సదుపాయం ఉండేది. ఒక మిషను నుంచి ఇంకో మిషనుకి నాలుగు ముక్కలు కొడితే, అవతలి స్క్రీన్ మధ్యలో ఠంగ్‌మని చిన్న పెట్టె తెరుచుకునేది. అందులో పంపిన కంప్యూటర్ పేరు ఉండేది. మనిషి పేరు ఉండేది కాదు.

ఈ ఆఖరి మాట నాకు ఆ సమయంలో తట్టలేదు.

ఆఫీసులో గుర్తున్న కంప్యూటర్లన్నిటికీ కొట్టాను. "నేను లోపలే ఉన్నాను. తలుపు మూసుకుపోయింది. వచ్చి తీయండి." ఎవరి నుంచీ ఉలుకూ పలుకూ లేదు. ఇంకోటి కొట్టాను. "ఇక్కడ చాలా చీకటిగా ఉంది. ఊపిరాడటం లేదు." అదీ అంతే. నాకు కోపం వచ్చింది. సీట్లో ఉండి కూడా పట్టించుకోరా అనిపించింది. "రమేశ్, నువ్వు అక్కడే కూర్చున్నావని నాకు తెలుసు." అదే మూర్తి గారికి ఇంకొంచెం మర్యాదగా, "మూర్తి గారూ, మీరు నన్ను అమ్మేశానన్నారు, నేనిక్కడే ఉన్నాను," అని కొట్టాను. సర్వరు సంగతి చెబుతున్నాననుకున్నాను. 'సర్వరుని' అని రాయాల్సింది, తొందరలో 'నన్ను' అని పడింది.

ఆ తర్వాత యుపిఎస్ ఒక పొడుగాటి కూత కూసి ఆగిపోయింది. స్క్రీన్ ఆరింది. పచ్చ దీపాలు ఆరాయి. ఫ్యాన్ల మోత మెల్లమెల్లగా సన్నబడి పూర్తిగా ఆగింది. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. నా ఊపిరి చప్పుడు ఇంకెవరిదోలా ఉంది. తలుపుకి ఆనుకుని కింద కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టినా బూజే.

కాసేపటికి తలుపు అవతల గొణుగుడు వినబడింది. దేవుళ్ళ పేర్లు. కర్పూరం వాసన. ఇన్నాళ్ళూ ఆగని మోత ఒక్కసారిగా ఆగిపోయేసరికి, ఏమైందోనని నారాయణప్ప దిగొచ్చాడు.

"నారాయణప్పా, తలుపు తియ్యి," అన్నాను.

గొణుగుడు ఆగింది. "ఎవురు?"

"నేనే, కంప్యూటర్ అమ్మాయిని."

"ఆయమ్మ అప్పుడే ఎల్లిపోయింటాది."

"వెళ్ళలేదు. నా చెప్పులు నీ కాళ్ళ దగ్గరే ఉన్నాయి చూడు."

"చెప్పులు ఉండాయి. అదే నా భయం. చెప్పులిడ్సి మనిషి యాడికి పోయింది?" కాస్త ఆగి, "తల్లీ, నీకి శుక్రవారం తప్పకుండా దీపం పెడ్తానే ఉండాము. మాకేం చెయ్యొద్దు," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. అది విని ఆయన రెండు మెట్లు ఎక్కేశాడు. వెళ్ళొద్దని బతిమాలాను. చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు. "నువ్వు మనిషివైతే పాదాలు చూపీ. ముందుకుండాయో ఎనక్కుండాయో చూస్తా."

తలుపు కింద సందుంది. ఇంజనీరింగ్ చదివి, సర్టిఫికెట్లు తెచ్చుకున్న నేను, నేల మీద వెల్లకిలా పడుకుని రెండు కాళ్ళ వేళ్ళూ ఆ సందులోంచి బయటికి పెట్టాను. ఆయన అగ్గిపుల్ల గీసి చూసుకున్నాడు. ఇంకోటి గీసి మళ్ళీ చూసుకున్నాడు.

"బొటనేలు కదిలిచ్చు."

కదిలించాను. తలుపు తెరుచుకుంది.

కేబుల్ పీకి పడేసి, బ్యాగ్ తీసుకుని రోడ్డు మీదకొచ్చాను. చెప్పుల్లో ఒక్కటే దొరికింది, రెండోది ఆయన కంగారులో ఎటు తన్నాడో. సెల్‌ఫోన్ ఎప్పటిలాగే పలకలేదు. ఎస్‌టిడి బూత్ నుంచి సరళకి ఫోన్ చేశాను.

"అన్నీ వచ్చేశాయి మేడం. పాపవి రెండు లెక్కలూ డాక్టరు చూశారు. పెరుగుతున్నాయట, పర్లేదన్నారు. వాళ్ళమ్మ ఇప్పుడే కాస్త కాఫీ తాగింది."

బూత్‌లోనే కాసేపు గోడకానుకుని నిలబడ్డాను. బూత్ ఆయన నన్ను అదోలా చూసి, చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి జరిపాడు.

ఆటో దిగి మహదేవపుర ఆఫీసు మెట్లెక్కుతుంటే గంట మోగుతున్న చప్పుడు. మా ఫ్లోర్‌లో ఒక్కరూ సీట్లో లేరు. అందరూ సర్వర్ రూం ముందు చేతులు జోడించి నిలబడ్డారు. కొత్త కావేరికి మెడలో దండ. గుమ్మం దగ్గర పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ, పక్కన పూజారి. మూర్తి గారు తడిపంచెతో ఉన్నారు. రమేశ్ కళ్ళు గట్టిగా మూసుకుని ఏదో చదువుతున్నాడు.

నేను ఏం జరిగిందో చెబుదామని ముందుకొచ్చాను. నా అవతారం నేనింకా చూసుకోలేదు. జుట్టంతా విడిపోయి, నిండా బూజు. బయట తలుపు తోసిన చేతులకి కుంకుమ, ఆ చేతులతో తుడుచుకున్న ముఖం. ఒక కాలికే చెప్పు.

"నేనే," అన్నాను. "తలుపు తీశారు. వచ్చేశాను."

పూజారి చేతిలో గంట కిందపడింది. రమేశ్ కళ్ళు తెరిచి, నన్ను చూసి, మళ్ళీ మూసుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. మూర్తి గారు మాత్రం ధైర్యంగా నిలబడి, వణుకుతూ దండం పెట్టి, "అమ్మడం నా తప్పే తల్లీ," అన్నారు.

నిజం చెప్పి, ముఖం కడుక్కుని, మనిషినని ఒప్పించేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత మా పోస్ట్‌మ్యాన్ మిషను ఒక్కసారి కూడా తప్పు నంబరు చెప్పలేదు. నేను పీకిన కేబుల్ సంగతి ఎంత వివరించినా మూర్తి గారు తలూపి విని, చివరికి అందరితో పూజ బాగా పనిచేసిందనే చెప్పారు. నేనూ వాదన మానేశాను. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, చక్కెర పొంగలి వేడిగా ఉంది. నన్ను వదిలించడానికి వండిన ప్రసాదం నేనే రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.